తుఫాను తర్వాత ఊడ్చిన తోట

ఎండాకాలంలో నేను బడికి వెళ్ళే దారిలో, రింగ్ రోడ్డు మీద తోపుడు బండివాడు పచ్చి మామిడికాయ కోసి ఉప్పూ కారం చల్లుతుంటే, ఆ పుల్లటి వాసనకు అందరికీ నోరూరుతుంది, నేను మాత్రం మొహం తిప్పుకుని గబగబా దాటిపోతాను. ఢాహ్యా కాకా తోట గుర్తొస్తుంది.

కరోనా రెండోసారి విరుచుకుపడి మగ్గాలు ఆగిపోయిన రోజులవి. బతుకుతెరువుకు మేం వలస వచ్చిన ఈ గుజరాతీ నగరంలో, నాన్న పనిచేసే బమ్రోలి మగ్గాల కార్ఖానాకు తాళం పడింది. గది అద్దె కట్టలేక రోడ్డున పడేవాళ్ళమే. నాన్నకు తెలిసిన గుజరాతీ రైతు ఢాహ్యా కాకా ఊరి బయట తన చిన్న మామిడితోటకు మమ్మల్ని కాపలా పెట్టి, ఉండటానికి రేకుల షెడ్డు ఇచ్చాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బడి లేదు, పుస్తకం లేదు. పొద్దున లేస్తే కాలవ నీళ్ళలో కాళ్ళాడించడం, అమ్మ పాత చీరతో కొమ్మకు కట్టిన ఉయ్యాలలో మధ్యాహ్నం దాకా ఊగడం, దొంగతనంగా రాజాపురి మామిడికాయ కొరికి పళ్ళు పులిసి అన్నం తినలేక తిట్లు తినడం, సాయంత్రం కాకా వచ్చి ఒక్కో చెట్టునూ కూతురిని పలకరించినట్టు పలకరిస్తుంటే వెనకాలే తిరగడం. అబ్బ, లోకమంతా ఏడుస్తుంటే నేను మాత్రం రాణీలా బతికాను.

కాయ కోతకొచ్చిన వేళ తుఫాను వచ్చింది. పట్టపగలే చీకటి కమ్మింది, షెడ్డు రేకులు దడదడలాడుతుంటే అమ్మ నన్ను పొట్టకు కరుచుకుని కూర్చుంది. గాలి ఆగాక చూస్తే చెట్ల మీద ఒక్క కాయ లేదు, అన్నీ నేల మీదే. సర్కారు పరిహారం వస్తే తప్ప కాకా ఆ ఏడు గట్టెక్కడు. ఆయనేమో కరోనా జ్వరంతో ఊళ్ళో ఇంట్లో పడున్నాడు. దగ్గుతూనే నాన్నకు ఫోన్ చేసి, రేపు సర్కారు సాహెబు తోట చూడటానికి వస్తాడు, కాస్త చూసుకోమన్నాడు.

మాది మగ్గం తప్ప పొలం ఎరగని ఇల్లు. కార్ఖానాకు సేటు వస్తున్నాడంటే నేల మీద పోగు ముక్క లేకుండా ఊడ్చాలి, లేకపోతే చివాట్లే. "పెద్దసారు వస్తడట, గిట్ల గలీజుంటే ఏమనుకుంటడు? కాకా ఇజ్జత్ పోతది" అని అమ్మ చీపురందుకుంది. ముగ్గురం చితికిన కాయలు కాలవలో పారేశాం, బాగున్నవి కోసి ఒరుగులకు ఎండేశాం, విరిగిన కొమ్మలు పొయ్యి దగ్గరికి చేర్చాం. చివరికి అమ్మ చెట్ల కింద కల్లాపి కూడా చల్లింది. పండగ వాకిలిలా ఉందని నేనైతే మురిసిపోయాను.

మర్నాడు వచ్చిన సాహెబు ఫోన్ పట్టుకుని తోటంతా తిరిగాడు. రాలిన కాయలు ఫొటో తీయాలట. "యహా తో కుఛ్ గిరా హీ నహీ" అన్నాడు, ఇక్కడేమీ రాలలేదే అని.

అమ్మ పరిగెత్తి ఒరుగుల చేట తెచ్చింది. "గివన్నీ కిందవడ్డయే సారూ! మేమే ఊడ్సినం, మా బుద్ధి గడ్డి తిన్నది" అని దండం పెట్టింది. నాన్న అదే హిందీలో చెప్పాడు. సాహెబు చెడ్డవాడేం కాదు పాపం, చెట్ల కింద మళ్ళీ ఒకసారి వెతికాడు. ఖాళీ చెట్లు చూపిస్తే ముందే కోసుకున్నారంటారు పైవాళ్ళు, కోసిన ముక్కలు ఎక్కడివైనా కావచ్చంటారు, నేనేం ఫొటో పెట్టను అని తల పట్టుకుని వెళ్ళిపోయాడు.

చుట్టుపక్కల తోటలన్నిటికీ పరిహారం వచ్చింది, కాకాకు రాలేదు. జ్వరం తగ్గాక ఆయన వచ్చి అంతా విన్నాడు. తిట్టినా బాగుండేది. అమ్మ తల మీద చేయి పెట్టి "కాంయ్ వాంధో నహీ, దీక్రీ" అన్నాడు, పర్వాలేదమ్మా అని.

మరుసటి పూతకు ముందే తోట అమ్మేశాడు. ఇప్పుడక్కడ వరసగా గోదాములు. కాకా కూడా లేడు. అమ్మ మాత్రం అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగిపోతుంది.

"తుఫాను కాయలే రాల్చింది గదనే. ముసలాయన నోట్ల మన్ను గొట్టింది నేను."

ఊరుకో అమ్మా అంటాను. ఊరుకోదు.