ఎకానెమ్ అత్త బొటనవేలు

మా కాలబార్‌లో పెళ్లి కుదిరిన పిల్లను మూడు నెలలు గది దాటనివ్వకుండా మేపి, నూనెతో మర్దన చేసి, బొద్దుగా తయారుచేసి ఊరేగించడం ఎకానెమ్ అత్త పని. ముప్పై ఏళ్లలో తన చేతిలోంచి సన్నగా వచ్చిన పిల్ల లేదని రోజుకు నాలుగుసార్లయినా చెప్పుకునేది.

నాకూ పెళ్లి కుదిరి, ఆ గదిలోకి వెళ్లిన మూడో వారానికే మొహం ఉబ్బింది. పొద్దున్నే కళ్లు తెరుచుకోలేదు. కాళ్ల కడియాలు బిగుసుకుపోయాయి. అత్త ఆనందానికి పట్టపగ్గాల్లేవు! ఇరుగుపొరుగును కేకేసి మరీ చూపించింది.

"చూశారటే! మూడే వారాలు! నా చేతి మహిమ!"

"నేను తిన్నదెంతని అత్తా? ముద్ద దిగట్లేదు."

"నోర్ముయ్ అటిమ్. ఒంటికి పట్టడమంటే ఇదే."

ఆ మధ్యాహ్నం మర్దన చేస్తుంటే ఆమె బొటనవేలు నా పిక్కలో దిగబడింది. వేలు తీసినా గుంట అలాగే ఉంది. మళ్లీ నొక్కింది. మళ్లీ గుంట. అత్త నా రెండో కాలూ నొక్కి చూసింది.

"ఇది కొవ్వు కాదే, నీళ్లు! ఒంటేలు నురగొస్తోందా?"

"సబ్బునీళ్లలా వస్తోంది. చెబితే నవ్వుతావని..."

"నా తెలివి తెల్లారినట్టే ఉంది! లే!"

ఊరేగింపుకు ముందు పెళ్లికూతురు వీధిలో కనబడకూడదు. అత్త తన పైబట్ట నాకు చుట్టి, పట్టపగలు బజారు మధ్య నుంచి ఆస్పత్రికి లాక్కుపోయింది.

"ఏం చూస్తారు? దారివ్వండి!"

నర్సు ఎన్‌కోయో గాజుగొట్టంలో నా మూత్రం పోసి మంటమీద కాచింది. ఉడికిన గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది.

"కిడ్నీలు పాడయ్యాయి. ఒంట్లో ఉండాల్సిన ప్రోటీనంతా మూత్రంలో పోతోంది. అందుకే ఈ వాపు. ఇంకా ఆలస్యం చేసుంటే ప్రాణానికే ముప్పు."

అత్త నేలమీద కూలబడింది. "ఊరంతటికీ చూపించి మురిశానే తల్లీ," అని నా కాళ్లు పట్టుకుని ఏడ్చింది.

పెళ్లి వాయిదా పడింది. ఆరు నెలలు మాత్రలు, ఉప్పులేని తిండి. అత్త తనూ ఉప్పు మానేసి నా పక్కనే కూర్చుని తినేది. ఆఖరిసారి నర్సు నా మూత్రం కాచినప్పుడు గొట్టంలో తెలుపు లేదు, నీళ్లలా తేటగా ఉంది! అత్త ఆస్పత్రిలోనే గంతులేసింది.

ఊరేగింపు రోజున నా కాబోయే ఆడపడుచు నన్ను ఎగాదిగా చూసింది.

"ఈ చీపురుపుల్లేనా అత్తా, నీ చేతి మహిమ?"

అత్త ఆమె చెయ్యి లాగి, బొటనవేలు నా పిక్కకు ఆనించింది.

"నొక్కవే."

నొక్కింది.

"తియ్యి. గుంటేదీ?"

గుంట లేదు.

"ఆఁ! కొట్టండ్రా డప్పులు!" అని అరిచింది ఎకానెమ్ అత్త.