పెద్దమ్మ ఆపరేషన్, నా చోడి అంబలి

రెండు గ్లాసుల చోడి అంబలితో, అంటే రాగి జావతో, ఆపరేషన్ ఆపించిన ఘనురాలు మన్యం మొత్తం మీద ఒకర్తే ఉంది. ఆ మహాతల్లిని నేనే. నర్సు ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే డాక్టర్ల కంటే రెండాకులు ఎక్కువ చదివానని నా నమ్మకం.

మా పెద్దమ్మ సుక్కమ్మకు పిత్తాశయంలో రాళ్లు. కాఫీ పళ్లు కోతకొచ్చేలోగా లేచి తిరగాలని ఆవిడ గోల. మత్తు డాక్టరుగారు నాకో పొడి పొట్లం ఇచ్చారు.

"నీళ్లలో కలిపి ఆరింటికల్లా తాగించు. ఎనిమిదింటికి ఆపరేషన్. ఇది పిండిపదార్థం. కడుపు మాడ్చుకుని వచ్చినవాళ్ల కంటే ఇది తాగినవాళ్లకు నీరసం తక్కువ, తేలిగ్గా కోలుకుంటారు."

అంత చెబితే నా బుర్రకెక్కింది 'పిండిపదార్థం' అన్న ఒక్క ముక్కే.

పొద్దున్న కలిపి ఇస్తే పెద్దమ్మ గ్లాసులోకి తొంగి చూసింది. "ఏటిది? గ్లాసు కడిగిన నీల్లా?"

"శక్తి వస్తుంది, తాగు పెద్దమ్మా."

"కొండెక్కేటోల్లనే అంబలి పోయకుండా పంపం. నాను కత్తి కిందకెల్తన్నాను గుంటా."

నిజమే, మా కొండల్లో అంబలి తాగకుండా ఎవరూ గడప దాటరు. ఇంటి నుంచి వచ్చిన అంబలి పక్కనే ఉంది. చోళ్లలో ఉన్నదీ పిండిపదార్థమే కదా అని నా మహా మేధస్సు తీర్పు చెప్పింది. తీపి నీళ్లు పారబోసి, రెండు గ్లాసుల నిండా చిక్కగా పోశాను. పైగా చోళ్ల బలం మీద ఉపన్యాసం కూడా ఇచ్చాను, సిగ్గులేని దాన్ని.

బల్ల మీద పడుకోబెట్టాక మత్తు డాక్టరుగారు అడిగారు. "ఏం తాగావమ్మా?"

"అంబలి బాబూ, రెండు గ్లాసులు. మా గుంటే పోసినాది. మీ నీల్ల కంటే మంచిదట."

ఆయన సూది పక్కన పెట్టి నా వైపు తిరిగారు. "అంబలి ఎంతసేపటికి అరుగుతుంది సిస్టర్?"

"అదీ... పిండిపదార్థమే కదా సార్..."

"నేనిచ్చినవి తేట నీళ్లు గనకే రెండు గంటల్లో కడుపు దాటిపోతాయి. మత్తులో ఈ అంబలి పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే మీ పెద్దమ్మ బతకదు."

అన్నీ తెలిసిన నర్సు అంబలి పోస్తే, ఏమీ తెలియనమ్మ చావు దాకా వెళ్లొచ్చిందట. ఆపరేషన్ ఆ రోజుకు రద్దు.

మర్నాడు తేట నీళ్లతోనే పని జరిగింది. సాయంత్రానికి పెద్దమ్మ లేచి కూర్చుంది. బతికిందన్న సంతోషంలో పరుగున మంచినీళ్లు తెచ్చాను. ఆవిడ గ్లాసు అందుకుని, పక్క మంచం మీది ఆవిడకు నెమ్మదిగా చెప్పింది.

"ఈ గుంట ఏటిచ్చినా బేగి తాగేయకమ్మా. ముందు డాక్టరు బాబుకి సూపించు."

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, నా నర్సు పట్టా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: గాజు గ్లాసు అవతల నా వేలు కనబడనిదేదీ, ఆపరేషన్‌కు వెళ్లే ఏ మనిషి నోటికీ ఇక ఈ జన్మలో అందించను.