ఖాళీగా ఉంచిన రెండు చోట్లు

మా దగ్గరికి ఎవరు వచ్చినా మొదట అడిగేది ఒకటే, "మీ లీడరు ఎవరమ్మా?" అని. మండలాఫీసులో బల్ల వెనక కూర్చున్నాయన అదే అడుగుతాడు. కెమెరా పట్టుకొచ్చిన పిల్లా అదే అడుగుతుంది. మా ఊరి మగవాళ్లయితే అడగను కూడా అడగరు, "ఇగ మీకు పెద్దదిక్కు లేదు గదా" అని వాళ్లే తేల్చేస్తారు. ఇంతమంది ఆడవాళ్లం ఎదురుగా నిలబడి ఉంటే, వాళ్ల కళ్లు మా తలల మీదుగా ఇంకెవరినో వెతుకుతాయి. ఆ చూపు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నాకు అక్షరాలు వచ్చింది నా మనవరాలు బడికి పోయే రోజుల్లో. అందుకని తిప్పి తిప్పి రాయడం చేతకాదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, నేను చేసిన తప్పుతో సహా.

ముందు మా పనేమిటో చెప్పాలి. మాది అడవికీ తారురోడ్డుకీ నడుమ ఉన్న ఊరు. ఇక్కడ గొడవలకు కొదవ లేదు. పోడు గట్టు మీద గొడవ, చేలో పడ్డ పశువు మీద గొడవ, ఎవరు ఎవరికి అన్నం పెట్టారన్న అనుమానం మీద గొడవ. ఒకప్పుడు అడవిలోంచి వచ్చినవాళ్లకూ భయపడ్డాం, రోడ్డు మీంచి జీపుల్లో వచ్చినవాళ్లకూ భయపడ్డాం. మగవాళ్లు చేలల్లోకి పారిపోతే, గడపలో నిలబడి ఇద్దరికీ సమాధానం చెప్పుకున్నది మేమే. మా కూర్చోవడం అందులోంచే పుట్టింది.

గొడవ ఎక్కడుంటే అక్కడికి పోయి రెండు పక్షాల నడుమ బరకం పట్టా పరుస్తాం. మా ఇళ్ల నుంచి మోసుకెళ్లిన నీళ్లబిందె మధ్యలో పెడతాం. అరవం, నినాదాలివ్వం. ఇటువాళ్లూ అటువాళ్లూ ఆ ఒక్క బిందెలోంచి నీళ్లు తాగేదాకా లేవం. పాలిచ్చే తల్లులు అక్కడే ఇస్తారు. చింతపండు గింజ తీసేవాళ్లు అక్కడే తీస్తారు. కర్ర పట్టుకుని ఊగిపోతూ వచ్చినవాడికి, సొంత మేనత్త, సొంత వదిన, తనకు పురుడు పోసిన ముసలమ్మ దారికడ్డంగా కూర్చుని చింతపండు కొడుతుంటే ఏం చెయ్యాలో తోచదు. కాసేపు తిడతాడు. ఎండ ఎక్కుతుంది. దాహమేస్తుంది. తాగుతాడు.

దీన్ని నిలబెట్టింది ఇద్దరు. ఒకరు అడవి పక్క పల్లెలోని కోయామె, అందరం పెద్దక్క అనేవాళ్లం. ఆమెకు అక్షరం రాదు. ఏ ఇంటికి ఏ ఇంటితో ఎప్పటి పేచీ ఉందో మొత్తం ఆమె తలలో ఉండేది. రెండో ఆమె మణుగూరు కాలనీలో పంతులమ్మగా చేసి రిటైరైంది, మాకు టీచరమ్మ. ఆదివారం ప్రార్థన అయ్యాక అక్కడి చర్చి వసారాలోనే మమ్మల్ని కూర్చోబెట్టి, వేళ్లు పట్టుకుని పలకల మీద దిద్దించింది. నేను మొదటిసారి నా పేరు రాసిన రోజున, "ఇగ నుంచి నువ్వు వేలిముద్ర ఏసినవంటే ఆ వేలు ఇరుస్త" అంది. గొడవ తీరాక ఒప్పుదల కాగితం రాసేది ఆమె, పైకి చదివేది ఆమె. మేం సంతకాలో ముద్రలో పెట్టి లేచేవాళ్లం.

ఇద్దరూ ఒకే వానాకాలంలో పోయారు. పెద్దక్కకు జ్వరం వస్తే వాగు పొంగి ఆటో అవతలి ఒడ్డునే ఆగిపోయింది. మంచం మీద మోసుకుని దవాఖానాకు చేర్చేసరికి అయిపోయింది. నెల తిరగకముందే ఖమ్మంలో టీచరమ్మ గుండె ఆగింది.

సంతాపసభ పెట్టారు. పెట్టింది మేం కాదు. పేద్ద ఫ్లెక్సీ, కుర్చీల నిండా మగవాళ్లు, మేం కింద. ఒకాయన మైకు అందుకుని, "ఆ మహాతల్లులతోనే ఒక శకం ముగిసింది" అన్నాడు. నా పక్కన కుట్టుమిషనక్క ఉంది. మండల కేంద్రంలో బట్టలు కుట్టే తురకలామె, మొదటినుంచీ మాతో కూర్చున్న మనిషి.

"ఏం ముగిసిందంటున్నడు?" అని అడిగింది.

"మనమే."

"అరె, మనం ఈడనే ఉన్నం గదా! వీనికి కనవడ్తలేమా?"

కనబడలేదు. దండలు వేశారు, ఫోటోలు దిగారు, పోయారు.

అది వాళ్ల తప్పు. ఇక మా తప్పు. మా వైపు ఇంటి పెద్ద పోతే, దినం అయ్యేదాకా ఆ పీట మీద ఎవరూ కూర్చోరు. ఆ తర్వాత మేం బరకం పరిచిన మొదటిసారి, వరుస మధ్యలో వాళ్లిద్దరి చోట్లూ ఎవరూ చెప్పకుండానే వదిలేశాం. పెద్దక్క చోట ఆమె పొగాకు సంచి, టీచరమ్మ చోట ఆమె కళ్లజోడు పెట్టె. దినాలు ఎప్పుడో అయిపోయాయి, మేం మాత్రం ఆ చోట్లను అట్లాగే ఉంచాం. అది మర్యాద అనుకున్నాం.

ఎండలు ముదిరాక బోరింగు గొడవ వచ్చింది. మా ఊరి చివర వాగు దాటితే ఒక గుంపు ఉంది. చాలా ఏళ్ల కిందట రాష్ట్రం సరిహద్దు అవతలి నుంచి వచ్చి గుడిసెలు వేసుకున్న కుటుంబాలు. మా బోరింగు నీళ్లే వాళ్లకూ. ఆ ఏడు నీరు సన్నబడింది. ఒకరోజు పొద్దున చూస్తే బోరింగు చేతికి గొలుసు, గొలుసుకు తాళం. ఎవరు వేశారంటే అందరూ ఆకాశం వైపు చూశారు. మా ఊరికి ఇంకో బోరింగుంది, గుంపుకు లేదు. వాళ్లు వాగు ఇసకలో చెలమ తవ్వుకుని, ఊరిన నీరు గిన్నెతో తోడుకున్నారు. గుంపు మగవాళ్లు గొలుసు తెంపడానికి వచ్చారు. మావాళ్లు కర్రలతో ఎదురుపోయారు. ఒకడి తల పగిలింది. మేం బరకం చుట్ట చంకన పెట్టుకుని పోయి కూర్చున్నాం.

రెండో రోజు సర్పంచి భర్త వచ్చాడు. మా సర్పంచి ఆడమనిషే. పేరు ఆమెది, కుర్చీ ఈయనది. వాగు పక్కన గుంపువాళ్లు చేసుకునే చెలక మీద ఈయన కన్ను ఎప్పటినుంచో ఉంది. అది మాకందరికీ తెలుసు. తెలిసీ చూస్తూ ఉన్నాం. ఆయన చెప్పులు విడిచి, బరకం ఎక్కి, కళ్లజోడు పెట్టె పక్కకు జరిపి, టీచరమ్మ చోట కూర్చున్నాడు.

మాలో ఒక్కరు లేవమనలేదు. ఆ చోట కూర్చున్నవాళ్లు మాట్లాడతారు, మేం వింటాం. ఇన్నేళ్లూ అదే అలవాటు. మనిషి మారినా అలవాటు మారలేదు.

"అవ్వలారా, అక్కలారా, మీ పెద్దలు లేరు. మీ తమ్మునిగ నేను రాస్త. అందరు శాంతిగ ఉండాల్నని రాస్త. జర సంతకాలు పెట్టుండ్రి, రేపు పొద్దుగాల తాళం తీపిస్త" అన్నాడు.

ముందు సంతకం పెట్టింది నేను. పదిమంది చూస్తుండగా కలం పట్టుకుని నా పేరు రాయడమంటే నాకెంత ఇష్టమో చెప్పడానికి సిగ్గుగా ఉంది. పైన ఏముందో చూడలేదు. నా పేరు గీత మీద నిలబడిందా లేదా అనే చూసుకున్నాను. నన్ను చూసి మిగతావాళ్లు పెట్టారు.

"బిందె అట్లనే ఉన్నది, ఎవ్వరు తాగలే గదా" అంది కుట్టుమిషనక్క.

"కాగితమైనంక నీళ్లెందుకక్కా!" అని నవ్వాడాయన.

నీళ్లు తాగకుండా బరకం చుట్టడం మాకు అదే మొదటిసారి. తాళం తెల్లారీ తీయలేదు, ఆ మర్నాడూ తీయలేదు.

వారం తర్వాత గుంపు నుంచి ఒకామె మా ఇంటికి వచ్చింది. మిరపకోతల్లో నా పక్క సాలులో ఉండే మనిషి. గడప బయటే నిలబడి ఒక జిరాక్సు కాగితం చాపింది.

"అవ్వా, ఇది సదువు. ఫారెస్టోళ్లు ఇచ్చిండ్రు. ఇందుట్ల మీ పేర్లున్నయంట."

కళ్లద్దాలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివాను. గుంపువారి వలన గ్రామమున అశాంతి కలుగుచున్నందున, వారిని అచ్చటినుండి తొలగించవలెనని మహిళలమంతా ఏకగ్రీవంగా కోరుచున్నాము. అంతే. దాని కింద మొదటి పేరు నాది, ముత్యాల్లాంటి అక్షరాలు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"పేరు నాదే, బిడ్డా."

"మిరప చేన్ల నీకు ఎండదెబ్బ తగిల్తే నేనే మోసుకొచ్చిన గదా అవ్వా" అంది. తిట్టినా బాగుండేది. కాగితం మడిచి రవికెలో పెట్టుకుని పోయింది.

నేను తిన్నగా కుట్టుమిషనక్క దుకాణానికి పోయాను. విని మిషను ఆపింది.

"సదవకుంట పెట్టినవా?"

"పెట్టిన."

"వేలిముద్ర ఏస్తే వేలు ఇరుస్త అన్నది టీచరమ్మ. సదువు నేర్చి గూడ సదవకుంట సంతకం పెడితే ఏం ఇరవాల్నో పాపం ఆమెకు తోచలే."

అక్కడే ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, "జల్దీ ఏడ్వు, పనున్నది" అంది.

ఆ సాయంత్రం అందరం చేరాం. జల్దీగా ఒక లీడరును పెట్టుకుందామని కొందరన్నారు. నాకు కోపం ఆగలేదు. "పెట్టుకుందం. ఆమెను రేపు ఎవడన్న బెదిరిస్తడు, లేకుంటే ఆమె గూడ చస్తది. అప్పుడు మూడో జాగ ఖాళీ పెడ్దమా? గా జాగలు మనం ఖాళీ పెట్టినం కాబట్టే వాడొచ్చి కూసున్నడు" అన్నాను. చాలాసేపు పేచీ నడిచింది. పెద్దక్కకు అవమానమని ఆమె చెల్లెలే నా మీద లేచింది. చివరికి రెండు మాటల మీద నిలబడ్డాం. ఖాళీ చోటు ఉండదు. ఏ కాగితమైనా చదువు వచ్చినామె పైకి చదవాలి, చదువు రానామె దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే సంతకం.

కొత్త కాగితం నేనే రాశాను. సగం పూట పట్టింది. పెద్దక్క చెల్లెలు విని తిరిగి చెప్పింది: "గుంపు ఏడికీ పోదు. ముందుగాల రాసింది మా మాట కాదు. బోరింగు అందరిది." అప్పుడు పెట్టాం.

ఫారెస్టువాళ్లు గుంపును ఖాళీ చేయించడానికి వస్తారన్న రోజున గుంపుకు పోయే బాట మీద బరకం పరిచాం. మధ్యలో వెలితి కనిపించగానే, "జరుగుండ్రి" అన్నాను. పెద్దక్క చెల్లెలే ముందు జరిగింది. పొగాకు సంచి తన ఒళ్లో పెట్టుకుంది, కళ్లజోడు పెట్టె నాకిచ్చింది.

ఆఫీసరు వెనకే సర్పంచి భర్త వచ్చాడు. వరుసంతా కళ్లతో వెతికాడు.

"ఏందక్కా, నాకు జాగ లేదా?"

"ఎందుకు లేదు తమ్మీ, బరకం బయట మస్తు జాగ" అంది కుట్టుమిషనక్క. అందరం నవ్వాం.

ఆఫీసరు నవ్వలేదు. "మీ లీడరెవరు?" అన్నాడు. అదే మాట!

"మీకు లీడరు కావాల్నా, సంగతి కావాల్నా సారూ?" అని లేచాను. "గా కాగితంల మొదటి సంతకం నాది. సదవకుంట పెట్టిన. తప్పు నాది. ఇగో, ఇది మేం రాసింది."

ఆయన నా కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాడు. "ఒకసారి ఇచ్చినాక వాపసు ఎట్లా తీసుకుంటారమ్మా? ఈ రాత ఏంటి, టైపు చేయించుకుని రండి."

"ముందుగాలది గూడ చేతిరాతనే గదా. దానికి టైపు అడిగినవా?"

 ఆయన కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుని, "పైకి పంపిస్తా" అని జీపెక్కాడు. రద్దయిందని అనలేదు, ఇప్పటికీ ఎవరూ అనలేదు. మేం అడుగుతూనే ఉన్నాం.

మధ్యాహ్నానికి సర్పంచి వచ్చింది, ఒక్కతే. కొంగుముడి విప్పి తాళంచెవి నా చేతిలో పెట్టి వెనక్కి పోయింది. బోరింగు తాళంచెవి ఇన్నాళ్లూ ఎవరి ఇంట్లో ఉందో అప్పుడు తెలిసింది. పోయి గొలుసు తీశాం.

బిందె మాత్రం అట్లాగే ఉంది. మా ఊరివాళ్లు తాగారు. గుంపువాళ్లు ఒక్కరూ ముట్టలేదు. ఎందుకు ముట్టాలి? తాళం వేసినవాడికంటే, కాగితం మీద పేరు పెట్టినవాళ్లమే వాళ్లకు పెద్ద దొంగలం. మేం లేవలేదు.

మర్నాడు పొద్దున మిరపకోతల మనిషి తన బిందె తెచ్చి మా బిందె పక్కన దించింది. చెలమ నీళ్లు. చాయ్ రంగులో ఉన్నాయి, అడుగున ఇసక కదులుతోంది.

"ముందు మీరు తాగుండ్రి" అంది.

మా వరుసలో కొందరు మొహాలు చూసుకున్నారు. మొదటి సంతకం నాదే కదా, గ్లాసు నేనే ముంచాను. ఇసక పళ్ల కింద కరకరలాడింది, గొంతులో మన్ను వాసన. గొలుసు పడ్డప్పటినుంచి వీళ్ల పసిపిల్లలు తాగింది ఇవే. మేం బోరింగు పక్కన కూర్చుని శాంతి అంటూ సంతకాలు పెట్టిన రోజూ ఇవే తాగారు. నా మీద నాకు పుట్టిన కోపం ఆ ఇసకలాగే ఇంకా పళ్ల కిందే ఉంది. గ్లాసు ఖాళీ చేసి పక్కామెకు ఇచ్చాను. చివరిదాకా అందరూ తాగారు.

అప్పుడు ఆమె మా బిందెలో గ్లాసు ముంచి, నా వైపు చూడకుండా తాగింది. మూతి తుడుచుకుంది.

"జరుగవ్వా" అంది.

జరిగాను. నా పక్కన కూర్చుంది.