చెప్పులతో గోదారిలో దిగినవాడు

తక్కువ ఖర్చులో భద్రాచలం అడవి చూసి, అటునుంచటే విశాఖ వెళ్లి స్కూబా డైవింగ్ చేయాలని నా పథకం. అవతలి ఒడ్డు అడవికి తీసుకెళ్తానన్న పడవ ముత్తయ్య కిరాయి మరీ తక్కువ చెప్పడంతో అనుమానం వచ్చింది. నేను తేలిగ్గా మోసపోయే రకం కాదని తెలియాలని, సముద్రం అడుగున సొరచేపకు దారిచ్చానని కథ చెబుతూ, ఒడ్డు నీళ్లలో దిగి పడవెక్కాను.

నది మధ్యలో అతను తెడ్డు ఆపాడు. "అన్నా, నా వల కింద బండకు ఇరికింది. జర మునిగి తీస్తవా? కిరాయి వద్దు."

మోసం ఇదేననుకున్నాను. నాకు ఈతైనా రాదు. జలుబు చేసిందన్నాను.

"అవ్, నువ్వు మునగవని నాకెరికే. నీళ్లల్ల మునిగేటోడు ముందుగాల గోదారమ్మకు మొక్కి, నీళ్లు కళ్లకద్దుకుంటడు. నువ్వు చెప్పులతోనే నీళ్లల్ల దిగి పడవెక్కినవ్. వల ఇంటికాడ మంచిగనే ఉంది."

మిగతా దారంతా చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.