ఏడో పలక దగ్గరి ఉత్తరం

టూరిస్టు ఆఫీసులో ఆయన్ని ఎవరూ పేరుపెట్టి పిలవరు. గొడుగు మాస్టారు అంటారు. ఎండైనా, వానైనా, రెండూ లేకపోయినా ఆయన చేతిలో ఒక ఎర్ర గొడుగు ఉంటుంది. అది ఆయన తలకోసం కాదు, జనం కళ్లకోసం. నలభై రెండు మంది కొత్తవాళ్లను రాజధాని వీధుల్లో చెల్లాచెదురు కాకుండా తిప్పాలంటే ఏదో ఒకటి పైకెత్తి పట్టుకోవాలి కదా. ఒకసారి గొడుగు ఇంట్లో మరిచిపోయి వచ్చిన రోజున నాణేల మ్యూజియంలో ఒక పెద్దమనిషిని వదిలేసి బస్సు బయల్దేరింది. ఆ పెద్దమనిషి వేరే గుంపు వెనకాల తిరిగి, వాళ్లతో కూర్చుని భోజనం కూడా చేసి, సాయంత్రం వాళ్ల ఊరి బస్సు ఎక్కబోతుంటే దొరికాడు. అప్పట్నుంచి మాస్టారు గొడుగు లేకుండా గడప దాటలేదు.

ఇరవై ఆరేళ్లుగా అదే దారి. ఎనిమిదింటికి ఆఫీసు ముందు బస్సు, తొమ్మిదింటికి పాత పాలకుల భవనం, పదిన్నరకి అమరవీరుల గోడ, పదకొండున్నరకి అక్కడికి దగ్గర్లో ఉన్న సైనిక మ్యూజియం. మధ్యాహ్నం రైలింజన్లు, నాణేలు, బొమ్మలు. దిగినప్పుడొకసారి, ఎక్కినప్పుడొకసారి తలలు లెక్కపెట్టుకోవాలి. సోమవారం మ్యూజియాలన్నింటికీ సెలవు కాబట్టి ఆయనకీ సెలవే. ఆ రోజు ఇంట్లో ఆయన నోరు పెగలదు. "మాటలన్నీ ఆ గోడలకి ఖర్చుపెట్టి వస్తారు, నాకు మిగిలేది దగ్గొక్కటే" అంటుంది భార్య. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

అబద్ధం సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో అమరవీరుల గోడ దగ్గర ఆయన లెక్కలు అప్పజెప్పేవాడు. గోడ పొడవు ఇంత, రాతి పలకలు నలభై, ఊళ్లతో సహా పేర్లు తొమ్మిది వేలు. జనం ఆవలించేవారు. "మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయండీ" అని అడిగేవారు. తొమ్మిది వేల మంది చచ్చిపోయారంటే ఒక్కరి కన్నూ చెమర్చదేమిటని ఆయనకి ఒళ్లు మండేది. ఒకరోజు ఆ మంటలోనే ఏడో పలక మీద ఒక పేరుకి గొడుగు మొన ఆనించి, నోటికొచ్చింది చెప్పేశాడు. 

"ఈ కుర్రాడికి ఇరవై ఒక్కేళ్లు. చనిపోయినప్పుడు చొక్కా జేబులో వాళ్లమ్మకి రాసిన ఉత్తరం దొరికింది. పోస్టు చెయ్యలేదు. 'అమ్మా, వానలు మొదలయ్యేలోగా వచ్చేస్తాను. ఇంటికప్పు నేనే బాగుచేస్తాను. నువ్వు నిచ్చెన ఎక్కకు' అని రాశాడు."

ఆ రోజు నీళ్లు అడిగినవాళ్లు లేరు. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు, మగవాళ్లు కళ్లజోళ్లు తుడుచుకున్నారు. ఆ పేరే ఎందుకంటే, పదకొండింటిదాకా అక్కడ నీడ ఉంటుంది, గొడుగు మొన చెయ్యి సాచకుండానే అందుతుంది. అంతకుమించి ఆ పేరుకీ ఆయనకీ ఏ సంబంధమూ లేదు. ఏళ్లు గడిచినకొద్దీ ఉత్తరానికి ఒళ్లు వచ్చింది. కప్పులోంచి నీళ్లు కారే మూల వచ్చి చేరింది, ఈనబోయే ఆవు చేరింది. ఎవరో తెలివైనవాడు ఆ ఉత్తరం ఇప్పుడెక్కడుందని అడిగితే, సైనిక మ్యూజియం గిడ్డంగిలో భద్రంగా ఉందన్నాడు. ఎవరినీ మోసం చెయ్యాలన్న ఉద్దేశం ఆయనకి లేదు. ఉద్దేశాలు అందరికీ మంచివే ఉంటాయి లెండి.

ఆరేళ్ల కిందట ఆఫీసు మేనేజరు గైడ్లు చెప్పే కబుర్లన్నీ టైపు చేయించి చిన్న పుస్తకం వేశాడు. పంతొమ్మిదో పేజీలో ఉత్తరం అచ్చయింది, సైనికుడి పేరుతో, ఊరితో సహా. మాస్టారు ఆ పేజీని ఇంటికి తీసుకెళ్లి భార్యకి చూపించి మురిసిపోయాడు. తర్వాత మిగతా గైడ్లు కూడా తమ గుంపుల్ని ఏడో పలక దగ్గరికే తోలుకురావడం మొదలుపెట్టారు. ఒక్కోరోజు అక్కడ వరుసలో నిలబడాల్సి వస్తుంది.

ఒకరోజు బస్సులో ముందు సీట్లో డెబ్బై దాటిన ఒక ముసలావిడ కూర్చుంది. వెంట ఎవరూ లేరు. ఒళ్లో గుడ్డసంచి. పాత పాలకుల భవనంలో అందరూ షాండ్లియర్ల కేసి మెడలు సాచి చూస్తుంటే ఆవిడ ఒక్కతే తలుపు దగ్గర నిలబడింది.

"గోడ ఎప్పుడొస్తుంది బాబూ?" 

"దీని తర్వాతేనమ్మా."

మళ్లీ పావుగంటకి అదే ప్రశ్న. బస్సెక్కాక మళ్లీ. ఇలాంటివాళ్లు ప్రతి బస్సులో ఒకరుంటారు, మాస్టారు పట్టించుకోలేదు.

గోడ దగ్గర ఆయన ఎప్పటిలాగే గొడుగు మొన పేరుకి ఆనించి ఉత్తరం చెప్పాడు. అందరూ ఎప్పటిలాగే కరిగి, ఎప్పటిలాగే ఫోటోలకి చెదిరిపోయారు. ముసలావిడ మాత్రం పలక దగ్గరికి వచ్చి ఆ పేరుని వేలితో మొదటినుంచి చివరిదాకా తడిమింది.

"వీడు నా తమ్ముడు బాబూ" అంది.

మాస్టారు గొడుగు కిందికి దించాడు. ఇరవై ఆరేళ్లలో ఆ పేరుకి ఒక ఇల్లుంటుందని, అందులో మనుషులుంటారని ఆయనకి ఒక్కనాడూ తట్టలేదు. తట్టకపోవడం తప్పే. కానీ ఆ తప్పు ఇప్పుడు తెలిసి ఏం లాభం.

ఆవిడ సంచిలోంచి పుస్తకం తీసింది. పంతొమ్మిదో పేజీ మడిచి ఉంది. "మా వీధిలో ఒకావిడ పోయినేడు మీ బస్సెక్కి వచ్చి ఇది తెచ్చిచ్చింది. పేరూ ఊరూ మావాడివే. చదివి రెండ్రోజులు అన్నం ముట్టుకోలేదు. ఎందుకంటే వాడికి రాయడం రాదు."

"రాదా?" అన్నాడు మాస్టారు.

"వాడిది ఎడమచేతి వాటం. ఆ చేత్తో రాస్తే బళ్లో కొట్టేవాళ్లు. కుడిచేత్తో వాడివల్ల కాలేదు. రెండో తరగతిలోనే బడి మానేశాడు. నేను ఇంట్లో బొగ్గుముక్కతో నేల మీద దిద్దించేదాన్ని. నాలుగక్షరాలు దాటేవాడు కాదు, పారిపోయేవాడు. అలాంటివాడు ఇంత ఉత్తరం రాశాడంటే అక్కడెవరో పుణ్యాత్ముడు కూర్చోబెట్టి నేర్పుంటాడు. అమ్మ వాడి దగ్గర్నుంచి ఒక్క ముక్క రాలేదనే పోయింది బాబూ. నాకు ఆ కాగితం ఒక్కసారి చూపించండి. ఏ చేత్తో రాశాడో, అక్షరాలు ఎటు వాలి ఉన్నాయో చూస్తాను. ముట్టుకోను కూడా ముట్టుకోను."

చెప్పాల్సిన మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో డ్రైవరు హారన్ కొట్టాడు. "మ్యూజియం దగ్గర మాట్లాడదామమ్మా" అని గొడుగు పైకెత్తాడు. ఎక్కుతున్న తలలు లెక్కపెడితే ఒకసారి నలభై ఒకటి వచ్చాయి, ఒకసారి నలభై మూడు వచ్చాయి.

మ్యూజియంలో గుంపుని లోపలి సిబ్బందికి అప్పగించి, ఆవిడని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టాడు. పక్కన కూర్చునే ధైర్యం లేక ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మా, ఆ ఉత్తరం లేదు. నేనే కల్పించాను. జనం వింటారని చెప్పాను. మీ తమ్ముడి గురించి నాకు ఏమీ తెలీదు. నన్ను క్షమించండి."

 ఆవిడ కోపం తెచ్చుకుంటుందని, తిడుతుందని, కనీసం ఏడుస్తుందని ఆయన ఎదురుచూశాడు. ఆవిడ జాలిపడింది.

"ఎవరికీ చూపించొద్దని పైవాళ్లు చెప్పుంటారు. మీ ఉద్యోగానికి ఇబ్బంది అయితే మీరు రావద్దు బాబూ, నేనే వెళ్లి అడుక్కుంటాను."

"పైవాళ్లెవరూ చెప్పలేదమ్మా. నిజంగానే లేదు."

"లేనిది అచ్చులో ఎలా పడుతుంది?" అంది ఆవిడ, పుస్తకం మీద చెయ్యి వేసి. నెమ్మదిగానే అంది.  ఆ పేజీని ఇంటికి తీసుకెళ్లి మురిసిపోయినవాడు ఏం జవాబు చెబుతాడు.

విచారణ కిటికీ వెనక గుమాస్తా కూర్చున్నాడు. మాస్టారు అద్దానికి ముఖం ఆనించి గొంతు తగ్గించి, ఆ పేరు మీద గిడ్డంగిలో వస్తువేదీ లేదని ఆవిడకి ఒక్క ముక్క చెప్పమని బతిమాలాడు.

"ఉందో లేదో చెప్పాల్సింది మీరూ కాదు, నేనూ కాదు. రిజిస్టరు చూడాలి. రిజిస్టరు చూడాలంటే దరఖాస్తు కావాలి" అన్నాడు గుమాస్తా. "మూడు నెలల్లో జవాబు పోస్టులో వస్తుంది."

ఆవిడ దరఖాస్తు నింపడానికి అరగంట పట్టింది. బంధుత్వం అన్నచోట 'అక్క' అని రాసింది. వస్తువు వివరాలు అన్నచోట పంతొమ్మిదో పేజీ చూసి మాటకి మాట ఎక్కించింది. ఆయన పక్కనే నిలబడి తన మాటలు ఆవిడ చేతిరాతలో కాగితం మీద పడుతుంటే చూశాడు. ఆపలేకపోయాడు. రాయడం అయ్యాక ఆవిడ పెన్ను మూత పెట్టి తలెత్తింది.

"పుస్తకంలో అంతా అమ్మ గురించే ఉంది. నా సంగతి ఏమైనా రాశాడా?"

ఇన్నేళ్లలో ఆయన ఆ ఉత్తరంలో కప్పు పెట్టాడు, నిచ్చెన పెట్టాడు, ఈనబోయే ఆవుని పెట్టాడు. ఒక అక్కని పెట్టాలని తోచలేదు. లేదని అంటే అది నిజమే అవుతుంది. ఉత్తరమే లేదని ఒప్పుకున్న నోటితోనే, గంట తిరక్కుండా,

"రాశాడమ్మా" అన్నాడు. "మీరు నేర్పిన నాలుగక్షరాలే పనికొచ్చాయని రాశాడు."

ఆవిడ అప్పుడు ఏడ్చింది. సాయంత్రం బస్సు దిగుతూ ఆయన చెయ్యి రెండు చేతుల్లో పట్టుకుని, కళ్లకద్దుకుని వెళ్లిపోయింది.

మూడు నెలలూ ఆయన రోజులు లెక్కపెట్టుకున్నాడు. ఉత్తరం చెప్పడం మానేద్దామని రెండుసార్లు చూశాడు. మొదటిసారి ఒకాయన పుస్తకం తెరిచి, "పంతొమ్మిదో పేజీ వదిలేశారు" అని గుర్తుచేశాడు. రెండోసారి ఆఫీసుకి ఫిర్యాదు వెళ్లింది. మేనేజరు పిలిచి, "వయసు మీద పడి మరిచిపోతున్నారా మాస్టారూ?" అని నవ్వాడు. మాస్టారు ఆయనకూ నిజం చెప్పాడు. "ఆ సంగతి ఇంకెవరితోనూ అనకండి" అన్నాడు మేనేజరు, నవ్వు ఆపి.

నాలుగో నెలలో ఒక శనివారం ఆఫీసుకి ఆయన పేరు మీద కవరు వచ్చింది. బస్సు మెట్టు మీద కూర్చుని చదివాడు.

"బాబుగారికి, అలాంటి ఉత్తరం తమ దగ్గర లేదని మ్యూజియం వాళ్లు రాశారు. ఇన్నేళ్లలో ఎక్కడో పారేసి ఉంటారు. వాళ్లని అని లాభం లేదు. మీరు కళ్లారా చూసినవారు. మీకు గుర్తున్నంతవరకు వాడి మాటలు కాగితం మీద రాసి పంపండి. నా గురించి రాసింది మాత్రం వదలకండి. నాకు చూపు తగ్గుతోంది, కొంచెం పెద్దక్షరాలతో రాయండి."

సోమవారం ఆయన భార్యని కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాడు. ఆ ఇంట్లో ఆయన ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. ఆవిడ బట్టలు మడతపెడుతూ విన్నది.

"నిజం రాసి పంపండి."

"ఎదురుగా నిలబడి చెప్పాను. నమ్మలేదు."

"అయితే అబద్ధం రాయండి. అది మీకు చేతనైన పనేగా" అని, అన్నాక నొచ్చుకుని, ఆవిడే కాగితమూ పెన్నూ తెచ్చి ఆయన ముందు పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

గోడ దగ్గర నోరు తెరిస్తే చాలు, ఉత్తరం దానంతటదే వచ్చేస్తుంది. కాగితం ముందు ఒక్క మాటా రాలేదు. ఎట్టకేలకు 'అక్కా' అని రాశాడు. గుండ్రటి, పొందికైన ఆయన చేతిరాత. బళ్లో ఒక్క దెబ్బ కూడా తినని చేతిరాత. చూడలేక కొట్టేశాడు. పెన్ను ఎడమచేతిలోకి మార్చుకుని మళ్లీ రాశాడు. అక్షరాలు రెండూ చెరోవైపు ఒరిగాయి. దాని కింద ఏం రాయాలో ఎంతకీ తోచలేదు. భార్య భోజనానికి పిలిస్తే కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పదిన్నరకి ఏడో పలక మీద నీడ ఉంది. మాస్టారు గొడుగు మొన పేరుకి ఆనించి, చనిపోయినప్పుడు ఈ కుర్రాడి చొక్కా జేబులో ఒక ఉత్తరం దొరికిందని నలభై రెండు మందికి చెప్పాడు. పోస్టు చెయ్యలేదని చెప్పాడు. జేబులో కాగితం ఆయన ఊపిరి పీల్చినప్పుడల్లా కొద్దిగా చప్పుడు చేసింది.