పాడని తిమింగలం

శనివారం, మధ్యాహ్నం. ఎల్లుండి నా కంటికి శుక్లం ఆపరేషన్. ఆ తర్వాత కొన్నాళ్లు వంగకూడదు, నీళ్ల జోలికి పోకూడదన్నారు. మా మనవరాలికి మూడేళ్లు. తల నిండా సెగ్గడ్డలు... రోజూ తల కడగాలని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. బుధవారం నుంచి పిల్ల తల మీద చుక్క నీరు పడనివ్వడం లేదు. దాని తిమింగలం చచ్చిపోయిందట. విప్పదీసిన ఆ బొమ్మ ఎదురుగా పిట్టగోడ మీద ఎండుతోంది. అది ఆరేదాకా కుదురుగా కూర్చోలేక ఇది రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... కొత్తవాడలో మా ఇంటి ముందుగది నిండా మగ్గమే. నాన్న జంపఖానాలు నేసేవాడు. వెనక వాకిట్లో కట్టెల పొయ్యి మీద కాగులో నీళ్లు మసిలేవి. అమ్మ వాటిని ఇత్తడి గంగాళంలో పోసి, చన్నీళ్లు కలిపి, నన్ను అందులోనే కూర్చోబెట్టేది. కుంకుడు పులుసు కంట్లో పడితే వీధి చివరిదాకా వినబడేలా ఏడ్చేదాన్ని...

నాకున్న స్నానపు బొమ్మ ఒక్కటే. అరిగిపోయిన నాడె. మగ్గం మీద నూలు మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే చెక్క ముక్క, అచ్చం పడవలా ఉంటుంది. ఇనుప మొనలు ఊడిపోయాక నాన్న పక్కన పడేశాడు. నీళ్లలో ఒక పక్కకు ఒరిగి తేలేది. దానికి సెల్లూ లేదు, పాటా లేదు. నా తర్వాత తమ్ముడు, వాడి తర్వాత చెల్లెలు... అందరి స్నానాలూ దానితోనే అయ్యాయి.

ఇప్పుడు మా ఇంటి బొమ్మల లెక్క చెబుతాను. బతుకమ్మకు కొన్న బాతు దీపావళి చూడలేదు. క్రిస్మస్ సెలవుల్లో వచ్చిన తాబేలు శివరాత్రి దాకా ఈదింది. ఉగాదికి వచ్చిన తిమింగలం కాస్త గట్టిది. ముందు చిన్న పాట పాడుతుంది, పాట అయ్యాక వీపు మీద నుంచి నీళ్లు చిమ్ముతుంది. మూడింటి జబ్బూ ఒకటే... సెల్లుల మూత కింది రబ్బరు రింగు వదులై, సబ్బునీళ్లు లోపలికి పోయి, స్ప్రింగులకు పచ్చగా చిలుము పట్టడం. స్నానం కాగానే సెల్లులు తీసి ఆరబెట్టమని మొదటి బాతు నాటి నుంచీ చెబుతున్నాను.

నిన్న సాయంత్రం కోడలు మడికొండలోని ఆఫీసు నుంచి వచ్చి, నేను స్క్రూలు విప్పుతుండగా చూసింది.

"అత్తమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి. కొత్తది ఆర్డర్ పెడతా, రేపటికల్లా వస్తది."

"ఎందుకు పోయిందో తెల్వకుండ ఇంకోటి తెస్తే అది గూడ గట్లనే పోతది. జర ఆగు."

"స్కూల్ల లెక్కల పేపర్లు దిద్దినట్టు బొమ్మను దిద్దుతాండ్రు. మార్కులెన్ని ఏశిండ్రు?"

"సున్న. బొమ్మకు గాదు... దాన్ని నీళ్లల్ల వదిలేశి పోయినోళ్లకు."

కోడలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఈ పొద్దున బొమ్మ లేకుండానే కానిద్దామని చూశాను. పిల్లను టబ్బులో కూర్చోబెట్టి, మాటల్లో పెట్టి, చటుక్కున ఒక చెంబు తల మీద కుమ్మరించాను. అది గోడకు అతుక్కుపోయి వణికింది.

"పాట రాకముందే పోశినవ్! నువ్వు చెప్పలే!"

ఆ తర్వాత నన్ను ముట్టుకోనివ్వలేదు...

ఇక్కడిదాకా రాసి లేచాను. బొమ్మ ఆరింది. కొత్త సెల్లులు వేసి చూశాను. ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది. పిల్ల నా మోచేతి దగ్గరే నిలబడి ఉంది.

"లేశిందా నానమ్మా?"

"లేవలే బిడ్డా."

"నువ్వు చెప్పలే"... ఆ మాట పొద్దుటి నుంచి నన్ను ఒకచోట కూర్చోనివ్వడం లేదు. పాట అయిందంటే నీళ్లు వస్తాయని తిమింగలం దానికి ముందే చెప్పేది. కళ్లు మూసుకునే వ్యవధి ఇచ్చేది. మా అమ్మ కూడా ఇచ్చేది. గంగాళం అవతలి అంచు నుంచి నాడెను నా వైపు తోసేది. "నాడె వస్తాంది... నాడె వస్తాంది... కండ్లు మూస్కో!" అది మెల్లగా వచ్చి నా పొట్టకు తగిలాకే చెంబు వంచేది. అంతకు ముందు ఒక్క చుక్క పడేది కాదు. ఇన్నేళ్లూ దాన్ని వట్టి ఆట అనుకున్నాను.

సెల్లులు తీసేశాను. మూత బిగించాను. టబ్బులో నీళ్లు పట్టి, మూగబోయిన తిమింగలాన్నే అవతలి అంచున వదిలాను.

"అది పాడదు గదా," అంది పిల్ల, గడప దగ్గరే ఆగి.

"నేను పాడుత. నీ పొట్టకు తాకినంకనే నీళ్లు. అంతకుముందు పోస్తే నన్ను కొట్టు."

"గట్టిగ కొడత."

"కొట్టు."

దిగి కూర్చుంది. బొమ్మను తోశాను. "నాడె వస్తాంది..." అన్నాను. ఆ మాట నా నోట ఎన్నడూ రాలేదు, అయినా అమ్మ యాసలోనే వచ్చింది. పిల్ల రెండు చేతులతో కళ్లు మూసుకుంది.

"తాకింది! పొయ్యి!"

పోశాను. దగ్గింది, మొహం తుడుచుకుంది... తిమింగలాన్ని తానే నా వైపు నెట్టింది.

"మళ్లొక్కసారి."

ఇక సోమవారంలోగా జరగవలసినవి:

1. రేపటి స్నానం కోడలు చేయించాలి. "నాడె వస్తాంది" అని గట్టిగా అనాలి, సిగ్గుపడకూడదు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తాను. నోరు మెదపను.

2. తిమింగలంలో మళ్లీ సెల్లులు వేయకూడదు. తీసినవి పిల్లకు అందని పై అరలో ఉండాలి.

3. కొత్త బొమ్మ ఆర్డర్ లేదు. ఇది చర్చకు కాదు.

4. తమ్ముడికి ఫోన్ చేసి ఆ నాడె ఏమైందో అడగాలి. ఏనాడో పొయ్యిలోకి పోయి ఉంటుంది. మగ్గం ఉన్న ముందుగదిలో ఇప్పుడు బైకులు పెడుతున్నారు... అయినా అడగాలి.

5. మీ తల మీద నీళ్లు పోసే ముందు మీ అమ్మ ఏమనేదో కింద కామెంట్లలో రాయండి. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు నేను చదవలేను. కోడలు చదివి వినిపిస్తుంది... పిల్లకు నీళ్లు పోశాక.