మధ్య వరస

కారంపూడిలో ఎక్కిన గురజాల బస్సులో పదిమంది నిలబడి ఉన్నారు. మధ్యలో ఒక వరస మాత్రం ఖాళీ. జనానికి మతి లేదనుకుని వెళ్లి కూర్చున్నాను.

కడ్డీ పట్టుకుని నిలబడ్డ ఒక ముసలామె వంగి, "లే అమ్మా, ఆడ ఎవురూ కూచోరు" అంది.

"ఏం, టిక్కెట్టు కొన్నవాళ్లు కూర్చోకూడదని బోర్డుందా?" అన్నాను. నా గొంతు సంగతి మా ఇంట్లోవాళ్లకు తెలుసు. ఆ రోజు బస్సుకంతా తెలిసింది.

వెనక నుంచి ఒక మగగొంతు తాపీగా అడిగింది: "ఏ ఊరమ్మా మీది? ఎవురి మనుషులు మీరు?"

నా జవాబు కోసం ముందు సీట్లవాళ్లు కూడా తలలు తిప్పారు.

ముసలామె నా భుజం మీద చెయ్యి వేసింది. "ముందున్నది ఒక పార్టీ, ఎనకున్నది ఇంకో పార్టీ. ఇయ్యాల కోర్టులో వాయిదా. నడిమిన ఖాళీ ఉంటేనే బస్సు గురజాల చేరుద్ది."

"మరి నువ్వు ఏ పార్టీ, పెద్దమ్మా?"

"ఏ పక్కా కాదు, అందుకే నిలబడ్డా. చచ్చిపోయింది నా కొడుకే. కొట్టుకోబాకండ్రా అని మద్దెకి పోయాడు. ఎవురి దెబ్బకి పోయాడో తేల్చేదానికే ఈ కేసు. చదువుకున్నోడు. నీ మాదిరే చానా వాదించేవోడు."

లేచి ఆమె పక్కన నిలబడ్డాను.

గురజాలలో బస్సు ఆగినా ముందువాళ్లుగానీ వెనకవాళ్లుగానీ లేవలేదు. ఆమె కడ్డీలు పట్టుకుంటూ మెల్లగా మెట్లు దిగి, రోడ్డు దాటింది. అప్పటిదాకా నేనూ కదల్లేదు.